వెన్ ఐ వాజ్ బోర్న్ ఫర్ ద సెవెన్త్ టైమ్: శ్రోతల అభిప్రాయాల చరిత్ర

బ్రిటిష్ బ్యాండ్ కార్నర్‌షాప్ 1997 సెప్టెంబరులో విడుదల చేసిన మూడో ఆల్బమ్ 'వెన్ ఐ వాజ్ బోర్న్ ఫర్ ద సెవెన్త్ టైమ్'. ఇండీ రాక్ గిటారు, హిప్‌హాప్ బీట్లు, సితార్, డోలక్, పంజాబీ గానం కలిసిన ఈ 15 ట్రాకుల ఆల్బమ్‌ను ఆల్టర్నేటివ్ డ్యాన్స్ కోవలో చేరుస్తారు. ఇందులోని రెండో పాట 'బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా' గాయని ఆశా భోస్లేకు బ్యాండ్ అభిమానంతో అర్పించిన నీరాజనం. ఆ పాట రీమిక్స్ 1998 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరడంతో బ్యాండ్‌కు పేరు వచ్చింది, 'ఒక్క పాట బ్యాండ్' అన్న ముద్రా పడింది. ఆల్బమ్‌పై శ్రోతల అభిప్రాయాలు ఇప్పటికీ ఈ రీమిక్స్ చుట్టూనే తిరుగుతుంటాయి.

నేపథ్యం

పంజాబీ కుటుంబంలో పుట్టి వుల్వర్‌హాంప్టన్‌లో పెరిగిన తజిందర్ సింగ్, ఆయన మిత్రుడు బెన్ ఏర్స్ తదితరులు 1991లో కార్నర్‌షాప్‌ను ప్రారంభించారు. బ్రిటన్‌లోని ఆసియా వాళ్లంటే వీధి మలుపులో కిరాణా కొట్టు నడిపేవాళ్లేనన్న చులకన భావాన్నే బ్యాండ్ పేరుగా పెట్టుకున్నారు. 1992లో గాయకుడు మోరిసే జాతీయ జెండాతో వేదికెక్కిన తీరుకు నిరసనగా లండన్‌లో ఆయన చిత్రపటాన్ని తగలబెట్టి పత్రికలకెక్కారు. 1994, 1995లలో వచ్చిన తొలి రెండు ఆల్బమ్‌లకు శ్రోతలు కొద్దిమందే. రెండోది అమెరికాలో సంగీతకారుడు డేవిడ్ బర్న్‌కు చెందిన లువాకా బాప్ లేబుల్‌పై వచ్చింది.

రేడియో శ్రోతల ఓటు (1997)

'బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా' మొదట 1997 ఆగస్టులో సింగిల్‌గా వచ్చి, బ్రిటిష్ చార్టులో 60వ స్థానం దగ్గర ఆగిపోయింది. అయినా పాట మరుగున పడలేదు. బీబీసీ రేడియో 1లో వ్యాఖ్యాత జాన్ పీల్ డిసెంబరులో శ్రోతల ఓట్లతో ఉత్తమ పాటల జాబితా ప్రసారం చేసేవారు. 'ఫెస్టివ్ ఫిఫ్టీ' అని పేరుపడిన ఆ జాబితా 1976లో మొదలైంది. 1997లో ప్రసార సమయం తగ్గడంతో అది 31 పాటలకే పరిమితమైంది. వాటిలో మొదటి స్థానం 'బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా'ది. రీమిక్స్ అప్పటికింకా రాలేదు. అంటే శ్రోతలు ఓటు వేసింది ఆల్బమ్‌లోని నిదానపు పాటకే. ఈ ఆల్బమ్ విషయంలో శ్రోతల తీర్పు అనదగిన తొలి ఆధారం ఇదే, అత్యంత విలువైనదీ ఇదే. అదే సంవత్సరం అమెరికన్ సంగీత పత్రిక 'స్పిన్' దీన్ని ఏడాది ఉత్తమ ఆల్బమ్‌గా ప్రకటించింది.

రీమిక్స్, దాని ప్రభావం (1998)

ఫ్యాట్‌బాయ్ స్లిమ్ పేరుతో ప్రసిద్ధుడైన నార్మన్ కుక్ ఈ పాటను రీమిక్స్ చేశారు. వేగం పెంచి, గట్టి డ్రమ్స్ జోడించారు. వేగంతో పాటు తజిందర్ గొంతు కూడా కాస్త పై శ్రుతికి ఎక్కింది. 1998 ఫిబ్రవరి 22న ఈ రీమిక్స్ నేరుగా మొదటి స్థానంలోకి వచ్చింది. అప్పటికి ఆ స్థానంలో ఉన్నది 'టైటానిక్' సినిమాలో సెలిన్ డియాన్ పాడిన పాట. మరుసటి వారం మడోనా 'ఫ్రోజెన్' వచ్చి దీన్ని దించేసింది. ఏలింది ఒక్క వారమే అయినా, ఆశా భోస్లే పేరు బ్రిటన్‌లో ఇంటింటా వినిపించింది. ఆల్బమ్ కూడా చార్టులో 17వ స్థానం దాకా ఎక్కింది.

శ్రోతలు రెండుగా చీలింది ఇక్కడే. రీమిక్స్ విని ఆల్బమ్ కొన్నవారికి అందులో దొరికింది ఐదు నిమిషాలకు పైబడిన అసలు పాట. అది తాపీగా, గిటారు మీద సాగుతుంది. డ్యాన్స్ ఫ్లోర్ పాట కోసం వచ్చినవారికి ఇది నిరాశ. ముందునుంచీ వింటున్నవారికి మాత్రం అసలు పాటలోని ఆత్మీయత రీమిక్స్ హోరులో తగ్గినట్టు తోచింది. రెంటినీ వరుసగా వింటే ఈ రెండో వాదనలో పస ఉందని తెలుస్తుంది.

ఆల్బమ్ నచ్చనివారు చెప్పే మరో కారణం పాటల మధ్య పొందికలేమి. మాటలు లేని చిన్న ట్రాకులు, స్కెచ్‌లలా మొదలై ఆగిపోయే బీట్లు చాలానే ఉన్నాయి. ఆ వైవిధ్యమే ఆల్బమ్‌కు బలమని మెచ్చేవారు అంటారు. ఒకచోట 1997 ఏప్రిల్‌లో మరణించిన అమెరికన్ కవి అలెన్ గిన్స్‌బర్గ్ గొంతు వినిపిస్తుంది. ఇంకోచోట గాయని పౌలా ఫ్రేజర్‌తో కలిసి పాడిన కంట్రీ యుగళగీతం ఉంది. కొన్ని ట్రాకుల నిర్మాణంలో హిప్‌హాప్ నిర్మాత డాన్ ది ఆటోమేటర్ పాలుపంచుకున్నారు. చివరి పాట బీటిల్స్ 'నార్వేజియన్ వుడ్'కు పంజాబీ రూపం. 1965 నాటి మూలంలో జార్జ్ హారిసన్ సితార్ వాయించారు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ పాటను పంజాబీలోకి తెచ్చుకోవడం దక్షిణాసియా శ్రోతలను బాగా ఆకట్టుకుంది. ఆల్బమ్‌లో అందమైన ముగింపు కూడా అదే.

దక్షిణాసియా శ్రోతలు, ఎమిరేట్స్

బ్రిటన్‌లోని ఆసియా యువతకు 1997–98 గొప్ప కాలం. సంగీతకారుడు తల్వీన్ సింగ్ 'అనోఖా' సంకలనం, ఏషియన్ డబ్ ఫౌండేషన్ బ్యాండ్ ఆల్బమ్ 'రాఫీస్ రివెంజ్' ఆ రెండేళ్లలోనే వచ్చాయి. ఆ వరుసలో కార్నర్‌షాప్‌ది ప్రత్యేక స్థానం: అమ్మానాన్నల తరం ఇంట్లో విన్న సినిమా పాటలను ఇంగ్లిష్ పాప్ పాటకు కథావస్తువు చేసింది. 'బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా'లో ఆశాతో పాటు లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పేర్లు వస్తాయి. ఆకాశవాణి, ట్రాన్సిస్టర్ రేడియో, 45 ఆర్‌పీఎం రికార్డు, టూ ఇన్ వన్ కూడా అందులో చోటు చేసుకున్నాయి. 45 రికార్డు అంటే ఏడంగుళాల చిన్న పళ్లెం, సాధారణంగా వైపుకు ఒకటో రెండో పాటలు. తెలుగునాట కూడా సినిమా పాటలు ఎల్‌పీ రికార్డులతో పాటు ఈ చిన్న రికార్డుల మీద ఇళ్లకు చేరేవి.

టూ ఇన్ వన్ ప్రస్తావన గల్ఫ్ తెలుగువారికి మరీ దగ్గరిది. రేడియో, క్యాసెట్ ప్లేయర్ ఒకే పెట్టెలో ఉండే ఆ యంత్రం 1970లు, 80లలో దుబాయ్, షార్జా, అబుదాబి నుంచి సెలవుకు ఇంటికి వచ్చేవారి సామానులో తప్పనిసరి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల ఊళ్లలో అరుగు మీద పెట్టిన నేషనల్ పానసోనిక్ టూ ఇన్ వన్ చుట్టూ జనం చేరి పాటలు వినేవారు. పైన హ్యాండిల్, రెండు స్పీకర్లు, నొక్కితే టక్కుమనే మీటలు, పైకి లాగే ఏరియల్: ఆ తరానికి పాటంటే ఆ పెట్టే. అందుకే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో స్థిరపడిన భారతీయులకు ఈ పాట వేరే వాకిట్లోంచి పరిచయం: బ్యాండ్ పేరు తెలియకపోయినా పాటలోని మనుషులు, వస్తువులు మాత్రం సొంతవి.

ఆశా భోస్లేకు ఆ దేశంతో అనుబంధం మరో రూపంలోనూ ఏర్పడింది. తన పేరిట 'ఆషాస్' అనే రెస్టారెంట్‌ను ఆమె 2002లో దుబాయ్‌లోని వాఫీ వాణిజ్య సముదాయంలో ప్రారంభించారు. దానికీ కార్నర్‌షాప్ పాటకూ నేరుగా సంబంధం లేదు. తర్వాత ఆషాస్ శాఖ ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లోనూ వెలిసింది. తజిందర్ పెరిగిన వుల్వర్‌హాంప్టన్ అక్కడికి 20 కిలోమీటర్ల దూరమే. తెలుగు శ్రోతలకు ఆశా గొంతు హిందీ పాటల ద్వారా ఎప్పటినుంచో పరిచయం. 2007లో 'చందమామ' చిత్రంలో ఆమె తెలుగులోనూ పాడారు. అత్యధిక పాటలు రికార్డు చేసిన గాయనిగా 2011లో గిన్నిస్ సంస్థ ఆమెను గుర్తించింది.

తర్వాతి కాలం

'స్లీప్ ఆన్ ద లెఫ్ట్ సైడ్' అనే మొదటి ట్రాక్ 1998లో బ్రిటిష్ చార్టులో 23వ స్థానానికి చేరింది. కాబట్టి 'ఒక్క పాట బ్యాండ్' అన్నది లెక్క ప్రకారం కూడా పూర్తిగా సరికాదు. 2002లో వచ్చిన 'హ్యాండ్‌క్రీమ్ ఫర్ ఎ జనరేషన్'లో ఒయాసిస్ బ్యాండ్‌కు చెందిన నోయెల్ గాలగర్ ఒక పాటకు గిటారు వాయించారు. తర్వాత బ్యాండ్ తన సొంత లేబుల్ యాంపుల్ ప్లే పెట్టుకుంది. 2020 మార్చిలో ఆ లేబుల్‌పైనే 'ఇంగ్లండ్ ఈజ్ ఎ గార్డెన్' అనే చక్కని ఆల్బమ్‌ను విడుదల చేసింది.