పాచికలు పట్టిన ఇంజనీరు

శకుని పాత్ర తెలుగువాళ్లకు కొత్త కాదు. 'మాయాబజార్' (1957)లో సి.ఎస్.ఆర్. నవ్వుతూ నడిపిన కుతంత్రం, 'దాన వీర శూర కర్ణ' (1977)లో ధూళిపాళ గంభీరంగా పలికిన పగ, పౌరాణిక నాటకాల శకునులు... అందరినీ చూసినవాళ్లమే. అలాంటి మన ఇళ్లలోకి 1988లో ఓ పంజాబీ శకుని కుంటుకుంటూ వచ్చాడు. మాట్లాడేది హిందీ. అయినా ఆదివారం పొద్దున టీవీ ఉన్న ఇంట్లో కిక్కిరిసి కూర్చున్న జనం ఆయన్నీ 'శకుని మామ'గా ఒప్పేసుకున్నారు. ఆ నటుడు గుఫీ పైంటల్.

1944 అక్టోబర్ 4న పంజాబీ కుటుంబంలో పుట్టిన ఆయన అసలు పేరు సరబ్‌జీత్ సింగ్ పైంటల్. చదివింది ఇంజనీరింగ్. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు సైన్యంలో చేరి సరిహద్దుకు వెళ్లారు. అక్కడ కాలక్షేపానికి రేడియో కూడా లేదు. జవాన్లే రామలీల ఆడుకునేవారు. అందులో తనది సీత వేషమనీ, రావణుడు స్కూటరు మీద వచ్చి తనను ఎత్తుకుపోయేవాడనీ ఇంటర్వ్యూల్లో సరదాగా చెప్పేవారు.

నటన మీద మోజుతో 1969లో బొంబాయి చేరారు. తమ్ముడు కన్వర్‌జీత్ పైంటల్ హిందీ సినిమాల్లో హాస్యనటుడిగా పేరు తెచ్చుకున్నాడు. అన్నకు మాత్రం చిన్నాచితకా వేషాలే దక్కాయి. 'రఫూ చక్కర్' (1975), 'దిల్లగీ' (1978) లాంటి సినిమాల్లో కనిపించినా, ఆయన నిలదొక్కుకున్నది తెర వెనుకే. బి.ఆర్. చోప్రా సంస్థలో పనిచేస్తూ సినిమా తీయడంలోని మెళకువలు నేర్చారు. చోప్రాలు దూరదర్శన్‌కు 'మహాభారత్' తలపెట్టినప్పుడు నటీనటుల ఎంపిక బాధ్యత ఆయన చేతికొచ్చింది.

అది మామూలు పని కాదు. దేశంలో ప్రతి ఇంటికీ ఓ కృష్ణుడు, ఓ భీష్ముడు ముందే ఉన్నారు. వాళ్ల ఊహకు అడ్డురాని మొహాలను వెతకాలి. నితీశ్ భరద్వాజ్ కృష్ణుడయ్యారు, ముకేశ్ ఖన్నా భీష్ముడయ్యారు, పునీత్ ఇస్సర్ దుర్యోధనుడయ్యారు. తమ్ముడు పైంటల్ శిఖండి వేషం వేశాడు. శకుని వేషం చివరికి గుఫీ పైంటల్‌నే వరించింది.

ఆ వేషానికి ఆయన ఎన్నుకున్న హంగులు తక్కువే. ఒక కాలు ఈడ్చి నడవడం, ఒక కన్ను సగం మూసి చూడటం, వేళ్ల మధ్య పాచికలు దొర్లించడం. మిగతాదంతా గొంతే. నాటకంలో శకుని మాట ఆఖరి వరసకు వినపడాలి, అందుకని కుట్ర కూడా గొంతెత్తే చెప్పాల్సి వచ్చేది. టీవీకి ఆ బాధ లేదు. కెమెరా మొహం దగ్గరికి వచ్చి ఆగుతుంది. పైంటల్ ఆ వెసులుబాటును పూర్తిగా వాడుకున్నారు. 'భాంజే' అంటూ మేనల్లుడి చెవి దగ్గరికి వంగి, లాలిస్తున్నట్టే విషం ఎక్కించేవారు. దుర్యోధనుడు కేకలు వేసేకొద్దీ ఈయన స్వరం దిగేది. చూసేవాళ్లకు ఎక్కువ భయం వేసేది ఆ దిగిన స్వరానికే.

మన దగ్గర ప్రచారంలో ఉన్న కథలో శకునిది సొంత పగ. చెరసాలలో తిండి లేక చనిపోయిన తనవాళ్ల ఎముకలతో పాచికలు చేసుకుని కురువంశాన్ని కూల్చడానికి వస్తాడు. రాహీ మాసూమ్ రజా మాటలు రాసిన 'మహాభారత్'లో ఆ పగకు రూపం వేరు. చెల్లెలు గాంధారిని గుడ్డివాడికి కట్టబెట్టారన్న కడుపుమంట, మేనల్లుడికే సింహాసనం దక్కాలన్న పట్టుదల. అందువల్ల పైంటల్ శకునిలో దుర్మార్గం ఎంతుందో బంధుప్రీతీ అంతే ఉంటుంది. మామ మాట దుర్యోధనుడికి ఎందుకంత నచ్చిందో మనకు అర్థమయ్యేది అందుకే.

1988 అక్టోబర్ 2న మొదలై 1990 వరకు సాగిన ఆ 94 భాగాల ధారావాహిక ఆయనకు దేశమంతటా గుర్తింపు తెచ్చింది. హిందీ అంతంతమాత్రంగా వచ్చిన తెలుగువాళ్లకూ 'మాతాశ్రీ', 'భ్రాతాశ్రీ' లాంటి సంస్కృత పదాలు నిండిన సంభాషణ అందుతూనే ఉండేది. కథ ఎలాగూ తెలిసిందే.

పెద్ద పేరొచ్చిన వేషం సహాయనటుడికి వరమూ అవుతుంది, బందిఖానా కూడా అవుతుంది. పైంటల్ దాని మీద అలిగి కూర్చోలేదు. ధారావాహికల్లో వచ్చిన వేషాలన్నీ వేశారు. 2011లో ప్రారంభమైన 'ద్వారకాధీశ్'లో మళ్లీ శకునిగా కనిపించారు. 'శ్రీ చైతన్య మహాప్రభు' సినిమాకు దర్శకత్వం వహించారు. కర్ణుడి పాత్రధారి పంకజ్ ధీర్ ముంబయిలో పెట్టిన 'అభినయ్' నటనా శిక్షణాలయం బాధ్యత చూశారు. 2020 లాక్‌డౌన్‌లో డీడీ భారతి 'మహాభారత్'ను మళ్లీ ప్రసారం చేసినప్పుడు, ఆ ధారావాహిక నాటికి పుట్టని పిల్లలు కూడా ఆయన శకునిని చూశారు. 2023 జూన్ 5న, 78 ఏళ్ల వయసులో, ముంబయిలో కన్నుమూశారు.

కథానాయకుడి వేషానికి సరైన మొహం దొరికితే సగం పని అయిపోయినట్టే. శకుని లాంటి వేషానికి మొహం దొరికాకే అసలు పని మొదలవుతుంది. నడక, చూపు, గొంతు ఒక్కొక్కటీ నటుడే సమకూర్చుకోవాలి. అందరి వేషాలకూ మనుషుల్ని వెతికిన పైంటల్‌కు ఆ తేడా బాగా తెలుసు. తెర మీద ఆయన శకునికి అంత కాలం చెల్లుబాటు రావడానికి ఆ తెలివిడే కారణం.