మూడు నియమములు: ఒంగోలు సీమలో మన పూర్వుల క్రైస్తవ జీవనము



మన కులమహాసభలలో ఒంగోలు సీమను గూర్చి ప్రసంగించువారెల్లరును 1878 సంవత్సరము జూలై 3వ తేదిని తప్పక స్మరింతురు. ఆ దినమున వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు. ఆ సంఖ్య గొప్పదే. కాని నదిలో ఒక్కమారు మునుగుట కంటె, మరునాడు ఆ పల్లెకే మరలిపోయి, ఆ రైతు వాకిటనే నిలిచి, క్రొత్త నడత నడచుట కష్టతరము. పేరు లేని ఆ దినముల చరిత్రనే నేనిక్కడ విన్నవింప దలచితిని.

అమెరికా బాప్టిస్టు మిషనువారు 1840లో నెల్లూరున స్థిరపడిరి. ఏండ్లు గడచినను ఫలము స్వల్పము. తెలుగుదేశపు పనిని విరమింపవలెనను ప్రస్తావన అమెరికాలో పలుమార్లు వచ్చెను. 1854 జనవరి 1వ తేదిని జ్యూయెట్ దొరగారు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ నెక్కి ఆ పట్టణము కొరకు ప్రార్థించిరి. జాన్ క్లౌ దొరగారు 1865లో వచ్చి, మరుసటి యేట ఒంగోలులో నివాసమేర్పరచుకొనిరి. 1867 జనవరి 1వ తేదిని ఎనమండుగురు సభ్యులతో అచట సంఘము స్థాపింపబడెను.

అయితే ఈ ఉద్యమమునకు తొలి బీజము వేసినవాడు దొర కాదు. మన కులజుడగు యెర్రగుంట్ల పేరయ్య. ఇతడు తాళ్లకొండపాడు నివాసి, తోళ్ల వర్తకుడు. అంతకు మునుపే రాజయోగమార్గమున గురువుల నాశ్రయించి సత్యమును వెదకిన జిజ్ఞాసువు. వర్తకము నిమిత్తము ఉత్తరమునకు పోయి, ఏలూరిలో నొక మిషనరీ వలన క్రీస్తును గూర్చి వినెను. 1866లో భార్యతో గూడ బాప్తిస్మము పొందెను. పిమ్మట తన బంధువుల పల్లెలకు పోయి, తాను వినిన దానిని వారి మాటలలో వారికి చెప్పెను. తోళ్లు కొనుటకై నడచిన దారులే ఆతనికి సువార్త దారులాయెను. పౌలు గుడారములు కుట్టి బ్రతికిన అపొస్తలుడని మనమెరుగుదుము. మన పేరయ్య కథయు నట్టిదే.

అప్పటికి ఒంగోలులో అగ్రవర్ణస్థులు కొందరు క్లౌ దొరగారి బోధకు ఆకర్షితులై యుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము రామని వారు స్పష్టముగా చెప్పిరి. దొరగారు సందిగ్ధములో పడి బైబిలు తెరవగా, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, లోకమునందు నీచులైనవారిని దేవుడేర్పరచుకొనెనను భాగము కనబడెను. ఆయన భార్యకును వేరొక గదిలో ఆ భాగమే కనబడెనట. అంతట వారు మనవారిని విడువక చేర్చుకొనిరి. అగ్రవర్ణస్థులు తొలగిపోయిరి.

ఇట్లు చేరినవారికి క్లౌ దొరగారు విధించిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు; చచ్చిన పశువుల మాంసము తినరాదు; విగ్రహములను పూజింపరాదు. చదువురాని వాడైనను వీనిని వ్రేళ్లపై లెక్కింపగలడు. చూపునకివి స్వల్పములు. కాని గ్రామజీవనములో మాదిగవాని స్థానమెట్టిదో ఎరిగినవారికి వీని లోతు తెలియును.

మాదిగ రైతునకు చెప్పులు, వార్లు, కపిలబాన కుట్టి యిచ్చుచు, పిలిచినప్పుడెల్ల పోవలసినవాడు. కళ్లములో దొరకు గింజలే ఆతని కూలి. అట్టివాడు వారములో నొక దినము తనదియని చెప్పుట ఏనాడును వినని మాట. చచ్చిన గొడ్డును ఈడ్చుకొనిపోవుట ఆతని విధి. తోలు వృత్తికి, మాంసము ఆకలికి. ఆ మాంసము మానుట వలన కులమునకు గౌరవము కలిగెననుట నిజమే. కాని పేదయింట ఆ పూట కుండ ఖాళీయయ్యెననుటయు నిజమే. ఇక జాతరలలో డప్పు కొట్టుట మనవారి వంతు. విగ్రహారాధన మానినవాడు దేవత యెదుట డప్పు కొట్టడు. డప్పు లేనిదే ఊరి కొలుపు సాగదు. ఇట్లు ఒక్కొక్క నియమము ఒక్కొక్క కట్టును త్రెంచెను.

కావుననే ప్రతీకారము వచ్చెను. కరణములు, మునసబులు, పెద్దరైతులు పెక్కు గ్రామములలో క్రైస్తవులైనవారిని బాధించిరి. పని లేదనిరి, నీటి కడ్డుపడిరి, కొట్టించిరి, అబద్ధపు నేరములు మోపిరి. సిలువను దినదినము ఎత్తికొనవలెనని ప్రభువు చెప్పిన మాట మనవారికి ఉపమానము కాలేదు. అది ఆదివారము ఉదయమున రైతు పిలుపునకు చెప్పవలసిన ప్రత్యుత్తరము.

1876 మొదలు 1878 వరకు ఘోరమైన క్షామము ప్రబలెను. భూమి కొలతల పనిలో శిక్షణ గల క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో కొంత భాగపు త్రవ్వకమును గుత్తకు తీసికొని, వేలమందికి కూలి కల్పించిరి. బోధకులే మేస్త్రీలై, పగలు పని చేయించి, విరామవేళ వాక్యము వినిపించిరి. ఈ కాలములో బాప్తిస్మము కోరినవారు పెక్కుమంది. అయినను కూటికొరకు మతమను నింద రాకుండుటకై దొరగారు పదునైదు నెలలు ఎవరికిని దానినీయలేదు. క్షామ సహాయము ముగిసిన పిమ్మటనే వెల్లంపల్లి దినము వచ్చెను. బియ్యమునకు మారినవారని మనవారిని పరిహసించువారు ఈ విషయమును గమనింతురు గాక.

నేటి మన స్థితిని గూర్చి రెండు మాటలు చెప్పి ముగించెదను. 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు క్రైస్తవులైన మనవారిని షెడ్యూల్డు కులముల పట్టికలో చేర్చలేదు. పిమ్మటి సవరణలు 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ హోదా నిచ్చినవి గాని క్రైస్తవులకీయలేదు. మతము మారినను పల్లె మారలేదు, పల్లెలో మన తావు మారలేదు. ఈ అన్యాయమును గూర్చి మన సభ అడుగుచునే యుండవలెను.

కాని అడుగుట వేరు, నడుచుట వేరు. అగ్రవర్ణస్థులు మనతో కూర్చుండమని లేచిపోయిన కథను మనము బాధతో చెప్పుకొందుము. మరి మాలలకొక గుడి, మాదిగలకొక గుడి అను భేదమును పెక్కు పల్లెలలో మనమే నిలుపుకొనుచున్నాము గదా! ఒకే రొట్టెలో పాలుపొంది, వియ్యమునకు మాత్రము ఉపకులమును వెదకుచున్నాము గదా! పూర్వులు ఆకలి సహించి మూడు నియమములు నిలిపిరి. మనకు నాలుగవది యొకటి కావలెను: మనకు జరిగిన దానిని మన మింకొకరికి చేయరాదు.

ఈ సభలో క్రైస్తవులును గలరు, హైందవులును గలరు. మూడవ నియమమును అందరును పాటింపవలెనని నేను కోరను. కాని ఏడు దినములలో నొకటి తనదని చెప్పగలిగిన ఆ తొలి మాదిగవాని ధైర్యము మనందరి పిత్రార్జితము. వెల్లంపల్లి సంఖ్యను మన పిల్లలకు చెప్పుదము. దానితోపాటు ఆ మరునాటి కథను గూడ చెప్పుదము.