అరువు డ్రైవరు

2004 ప్రాంతంలో అమెరికాలో ఎం.ఎస్. చదివినవాళ్లలో లినక్స్ పిచ్చి ఉన్నవాళ్లకు ఈ యాతన గుర్తుండే ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కిస్తే తెర వెలిగేది, పాట మోగేది, వైఫై మాత్రం పలికేది కాదు. పలకాలంటే ఫలానా ప్రోగ్రాం దించుకోవాలి. దించుకోవాలంటే ఇంటర్నెట్ ఉండాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు! చివరికి రూమ్మేటు కంప్యూటర్‌లోంచి పెన్‌డ్రైవ్‌లో మోసుకొచ్చుకున్న ఆ ప్రోగ్రాం పేరు ఎన్‌డిస్‌ర్యాపర్.

తప్పు లినక్స్‌ది కాదు. కాలిఫోర్నియాలోని బ్రాడ్‌కామ్ లాంటి చిప్పుల కంపెనీలు విండోస్‌కు డ్రైవర్ (చిప్పును నడిపే ప్రోగ్రాం) ఇచ్చి ఊరుకునేవి. చిప్పు లోగుట్టు చెప్పేవి కావు. రేడియో ఏ పౌనఃపున్యంలో, ఎంత బలంతో ప్రసారం చెయ్యాలో అమెరికాలో ఎఫ్‌సీసీ అనే ప్రభుత్వ సంస్థ నిర్ణయిస్తుంది. గుట్టు విప్పితే జనం ఆ హద్దులు దాటేస్తారన్నది అప్పట్లో తరచు వినబడిన సాకు.

2003 చివర్లో పాంటస్ ఫుక్స్ అనే ప్రోగ్రామర్ అడ్డదారి వెతికారు. లినక్స్ డ్రైవర్ లేకపోతే పోయె, విండోస్ డ్రైవర్‌నే అరువు తెచ్చుకుందాం! డ్రైవర్ అంటే ప్రాసెసర్‌కు అర్థమయ్యే యంత్రభాషే కదా. ఆ ప్రాసెసర్ రెండుచోట్లా ఒకటే. కాకపోతే డ్రైవర్ పని చేస్తూ చేస్తూ విండోస్‌ను సాయం అడుగుతుంది: కాస్త మెమరీ ఇవ్వు, ఈ టైమర్ పెట్టు అని. ఆ పిలుపులకు అవే పేర్లతో బదులు పలికేలా ఎన్‌డిస్‌ర్యాపర్‌ను రాశారు. అత్తింట్లో అడుగుపెట్టిన డ్రైవర్‌కు పుట్టింట్లోనే ఉన్నానన్న భ్రమ కల్పించడమన్నమాట. ఎన్‌డిస్ అన్నది మైక్రోసాఫ్ట్, త్రీకామ్ కంపెనీలు కలిసి నెట్‌వర్క్ డ్రైవర్ల కోసం రూపొందించిన ప్రమాణం పేరు.

ఫుక్స్‌తో చేయి కలిపి, తర్వాత ఏళ్ల తరబడి ఆ భారం మోసినవారు గిరిధర్ పెమ్మసాని. అప్పట్లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీబ్రూక్ విశ్వవిద్యాలయంలో ఉన్నారు.

అరువు సొమ్ము బరువు చేటు. విండోస్ డ్రైవర్ 12 కేబీల స్టాక్ (లెక్కలు రాసుకునే తాత్కాలిక మెమరీ) ఉంటుందన్న ధీమాతో నడుస్తుంది. ఫెడోరా అనే లినక్స్ రకంలో కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) అప్పట్లో ఇచ్చింది 4 కేబీలే. ఫలితం, యంత్రం బిగుసుకుపోవడం. కెర్నెల్ పెద్దలకు ఈ వ్యవహారమే గిట్టలేదు. లోపల ఏముందో కనబడని కోడ్ వల్ల కెర్నెల్ కూలితే తప్పు ఎక్కడుందని వెతుకుతాం అన్నారు. ఎన్‌డిస్‌ర్యాపర్ పేరును ఏకంగా కెర్నెల్ కోడ్‌లోనే రాసి, అది ఎక్కిన యంత్రానికి ‘మైలపడింది’ అని ముద్ర వేశారు. వాళ్ల వాదన న్యాయమైనదే. కానీ మైలపడని కెర్నెల్‌తో వైఫై లేకుండా కూర్చునే విద్యార్థి వారం తిరక్కుండా విండోస్‌కు పోయేవాడు. అతణ్ణి నిలబెట్టింది ఈ అరువు సరుకే.

అసలు డ్రైవర్ వేరే దారిన వచ్చింది. బ్రాడ్‌కామ్ డ్రైవర్‌ను ఒక బృందం విప్పిచూసి వివరాలు రాస్తే, ఆ రాతల ఆధారంగా మరో బృందం కొత్త కోడ్ రాసింది. అది 2006లో 2.6.17 కెర్నెల్‌లో చేరింది. తర్వాత చాలాకాలం దాన్ని కాచుకున్నవారిలో ల్యారీ ఫింగర్ ఒకరు. వాషింగ్టన్ కార్నెగీ సంస్థలో స్ఫటికాల శాస్త్రవేత్తగా పనిచేసి, రిటైరయ్యాక ఇందులోకి దిగారు. ఆయన పేరుమీద ఫింగరైట్ అనే ఖనిజం కూడా ఉంది! 2024లో కన్నుమూశారు. బ్రాడ్‌కామ్ సొంతంగా డ్రైవర్ కోడ్ బయటపెట్టింది 2010 సెప్టెంబరులో. ఈలోగా విండోస్ విస్టాతో ఎన్‌డిస్ 6 వచ్చింది. విండోస్ ఎక్స్‌పీ కాలం దగ్గరే ఆగిపోయిన ఎన్‌డిస్‌ర్యాపర్‌కు అది అంతుపట్టలేదు.

ఆనాటి ల్యాప్‌టాప్ అటక మీద ఉంటే దించి లినక్స్ ఎక్కించి చూడండి. ఎన్‌డిస్‌ర్యాపర్‌తో పని పడకపోవచ్చు. బ్రాడ్‌కామ్ చిప్పయితే మాత్రం ఫర్మ్‌వేర్ (చిప్పులోకి ఎక్కించే ప్రోగ్రాం) ఇంకా విడిగా దించుకోవాల్సిందే. నెట్‌వర్క్ కేబుల్ దగ్గర పెట్టుకోండి.