మొక్కై వంగినది మానైనా వంగుతుంది

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మా నాయనమ్మ ఎప్పుడూ అంటుంది. మా అన్నకు పదిహేనేళ్లు. ఇక్కడ సోలాపూర్‌లోనే తాలీంకు పోతాడు. ఈ ఏడాది ఒక్కసారిగా పొడుగయ్యాడు. నిరుడు వెనక్కి వంగి తల నేలకు ఆనించేవాడు, ఇప్పుడు నడుము వంగడం లేదు. "నా వయసు దాటిపోయింది, కుస్తీ మానేస్తా" అన్నాడు. అది నిజమేనా అని నేను ఖాశాబా జాధవ్ చరిత్ర చదివాను.

ఖాశాబా 1926లో సతారా జిల్లా కరాడ్ దగ్గర గోలేశ్వర్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి దాదాసాహెబ్ కూడా పహిల్వానే. ఐదేళ్ల వయసులోనే కొడుకుకు కుస్తీ నేర్పడం మొదలుపెట్టారు. ఖాశాబా పొట్టి మనిషి. చురుకుతనమే ఆయన బలం.

1948లో 22 ఏళ్ల వయసులో లండన్ ఒలింపిక్స్‌కు వెళ్లారు. మట్టిలో పెరిగిన ఆయనకు మ్యాట్ కొత్త. అయినా ఫ్లైవెయిట్‌లో ఆరో స్థానం వచ్చింది. అక్కడితో ఆగలేదు, సాధన ఇంకా పెంచారు. 1952లో హెల్సింకి వెళ్లడానికి డబ్బు చాలకపోతే కొల్హాపూర్ రాజారాం కాలేజీ ప్రిన్సిపాల్ ఖర్డేకర్ గారు తన ఇల్లు తాకట్టు పెట్టి 7,000 రూపాయలు ఇచ్చారు. అక్కడ బాంటమ్‌వెయిట్‌లో ఖాశాబా కాంస్యం గెలిచారు. స్వతంత్ర భారతదేశానికి ఒక్క క్రీడాకారుడు సొంతంగా తెచ్చిన మొదటి ఒలింపిక్ పతకం అదే. అప్పుడాయనకు 26 ఏళ్లు!

ఒళ్లు వంచడం నేర్పే పద్ధతి మన మహారాష్ట్రలో పాతదే. రెండో బాజీరావు పేష్వా కాలంలో బాలంభట్ట దాదా దేవ్‌ధర్ అనే గురువు మల్లఖంబ విద్యకు మళ్లీ ప్రాణం పోశారు. కొయ్యస్తంభం మీద ఎక్కి, తిరిగి, వంగి చేసే ఆ సాధన కుస్తీవాళ్లకు ఎంతో ఉపయోగం.

మరి అన్న నడుము ఎందుకు బిగుసుకుంది? మా పీటీ సారును అడిగాను. "ఈ వయసులో ఎముకలు త్వరగా పొడుగవుతాయి. కండరాలు వాటిని అందుకోవడానికి కొంతకాలం పడుతుంది. అందాకా బలవంతంగా వంచొద్దు, రోజూ కొంచెం కొంచెం చెయ్యాలి" అన్నారు.

ఇదంతా అన్నకు చెప్పాను. ఏమీ మాట్లాడలేదు. కానీ మర్నాడు పొద్దున్నే లంగోటా తీసుకుని తాలీంకు పోయాడు. నాయనమ్మ సామెత తప్పు కాదు. చిన్నప్పుడు వంగడం నేర్చుకోవాలి, నిజమే. పెద్దయ్యాక దాన్ని వదలకపోవడం కూడా అంతే ముఖ్యమని ఖాశాబా జీవితం చెబుతోంది.

— 9వ తరగతి విద్యార్థిని