రాయిలో దాగిన గాలి: ఒక సమీకరణం చరిత్ర

సున్నపురాయి మీద ఆమ్లం పోస్తే బుసబుసమని పొంగుతుంది. దీన్ని మనందరం ప్రయోగశాలలో చూశాం. సమీకరణం రాయమంటే రెండు నిమిషాల్లో రాసేస్తాం. కానీ ఆ ఒక్క వరుస వెనుక సుమారు నూట ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. అది చదివాకే నాకు సమీకరణాలంటే భయం తగ్గింది.

ఈ కథ స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో మొదలవుతుంది. ఆ కాలంలో మూత్రాశయంలో రాళ్లకు సున్నపు తేట మందుగా ఇచ్చేవారు. ఆల్చిప్పల సున్నం మంచిదా, రాతి సున్నం మంచిదా అని అక్కడి ఇద్దరు ఆచార్యులు వాదించుకునేవారు. జోసెఫ్ బ్లాక్ అనే వైద్య విద్యార్థి ఆ గొడవలోకి దిగలేదు. మెగ్నీషియా అనే తెల్లపొడి మీద పరిశోధన చేసి 1754లో తన సిద్ధాంత వ్యాసం ఇచ్చారు. తర్వాత సుద్ద, సున్నం మీద కూడా ప్రయోగాలు చేసి 1756లో ప్రచురించారు.

ఆయన గొప్పతనమంతా తక్కెడలోనే ఉంది. 120 గ్రెయిన్ల సుద్దను బాగా కాల్చితే 68 గ్రెయిన్ల సున్నం మిగిలింది. మిగతా 52 గ్రెయిన్లు ఏమైనట్టు? గాలిగా పోయాయి! రాయిలో బంధించి ఉన్న ఆ గాలికి ‘స్థిర వాయువు’ అని పేరు వచ్చింది. అదే మనం చెప్పే కార్బన్ డయాక్సైడ్.

ఆయన ఇంకో పని కూడా చేశారు. 120 గ్రెయిన్ల సుద్ద కరగడానికి 421 గ్రెయిన్ల సజల ఆమ్లం పట్టింది. అంతే సుద్దను కాల్చగా వచ్చిన సున్నానికి 414 గ్రెయిన్లు పట్టింది. రెండూ దాదాపు సమానమే. అంటే గాలి పోయినా ఆమ్లం లెక్క మారలేదు. ఎందుకో ఇప్పుడు తుల్య సమీకరణం చూస్తే తెలుస్తుంది:

కాల్షియం కార్బనేట్ + 2 హైడ్రోక్లోరిక్ ఆమ్లం → కాల్షియం క్లోరైడ్ + నీరు + కార్బన్ డయాక్సైడ్

కాల్షియం ఆక్సైడ్ + 2 హైడ్రోక్లోరిక్ ఆమ్లం → కాల్షియం క్లోరైడ్ + నీరు

రెండింటిలోనూ ఆమ్లం ముందు ఉన్నది 2 అంకే.

చర్యకు ముందున్న బరువు, తర్వాతి బరువు సమానమని 1789లో లావోయిజియే తన పుస్తకంలో స్పష్టంగా రాశారు. మనం తుల్యం చేసేది ఆ నియమం కోసమే. 1813–14లో బెర్జీలియస్ మూలకాలకు అక్షరాల గుర్తులు ఇచ్చారు.

చివరి మెట్టు స్వీడన్‌కు చెందిన స్వాంటే అర్హీనియస్‌ది. ద్రావణాల్లో విద్యుత్ ప్రవాహం గురించి 1884లో ఉప్సలాలో ఆయన ఇచ్చిన సిద్ధాంత వ్యాసానికి చాలా తక్కువ శ్రేణి వేశారు. ఆయన వదల్లేదు. లవణాలు నీటిలో కరిగినప్పుడే అయాన్లుగా విడిపోతాయని 1887లో వివరంగా చెప్పారు. అదే సిద్ధాంతానికి 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. తక్కువ మార్కులొచ్చి దిగులుపడే మనలాంటి వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది.

ఇప్పుడు నికర అయానిక సమీకరణం రాద్దాం. బలమైన ఆమ్లాన్ని, కరిగే లవణాన్ని అయాన్లుగా విడదీయాలి. ఘనపదార్థాన్ని, నీటిని, వాయువును విడదీయకూడదు. క్లోరైడ్ అయాన్లు రెండు వైపులా 2 ఉన్నాయి. అవి ఉత్త ప్రేక్షకులు, కొట్టేయాలి. మిగిలేది:

కాల్షియం కార్బనేట్ (ఘన) + 2 హైడ్రోజన్ అయాన్లు → కాల్షియం అయాను + నీరు + కార్బన్ డయాక్సైడ్

ఎడమవైపు ఆవేశం +2, కుడివైపు కూడా +2. సరిపోయింది. హైడ్రోక్లోరిక్ బదులు నత్రికామ్లం పోసినా ఇదే సమీకరణం వస్తుంది. మా హోసూరులో మేం సున్నం అంటాం, పక్కింటివాళ్లు తమిళంలో సుణ్ణాంబు అంటారు. పేరు మారినా వస్తువు ఒకటే కదా, ఇదీ అంతే.

వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం మాత్రం బలహీనమైనది, కాబట్టి దాన్ని విడదీయకుండా అణువుగానే రాయాలి. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం కూడా బలహీనమే. అయినా వంటగదిలో కడపరాయి గట్టు మీద నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది, ఎందుకంటే కడపరాయి కూడా సున్నపురాయే. అమ్మ వెంటనే తుడవమనేది అందుకే. ఆమ్లం బలహీనమైనా, రాయిలో దాగిన గాలిని కొంచెం కొంచెంగా బయటికి తెస్తూనే ఉంటుంది.

— 11వ తరగతి విద్యార్థిని