ఇంట్లో రెండు కంప్యూటర్ల మధ్య ఫైల్ షేరింగ్ ఆగిపోతే ఏం చూడాలి?

జహీరాబాద్: దుకాణం బిల్లులు ఒక కంప్యూటర్లో, పిల్లల నోట్స్, ఇంటి కాగితాల స్కాన్లు ఇంకో దాంట్లో ఉంటాయి. ఫోల్డర్ షేర్ చేసుకుంటే పెన్‌డ్రైవ్ తిప్పే పని తప్పుతుంది. కానీ ‘నెట్‌వర్క్ పాత్ దొరకలేదు’ అని రాగానే కొందరు ఫైర్‌వాల్ మొత్తం ఆపేస్తారు. అలా చేయొద్దు. విండోస్‌లో ఈ వరుసలో చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది.

1. రెండూ ఒకే రూటర్‌కు కలిసి ఉండాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఐపీకాన్ఫిగ్’ కొడితే అడ్రస్ కనిపిస్తుంది. అది 169.254తో మొదలైతే రూటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. గెస్ట్ వైఫైలో ఉన్న కంప్యూటర్ సాధారణంగా మిగతావాటికి కనిపించదు.

2. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ‘ప్రైవేట్’గా ఉండాలి. ‘పబ్లిక్’ అని ఉంటే విండోస్ కంప్యూటర్‌ను దాచేస్తుంది. నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ షేరింగ్ కూడా ఆన్ చేయాలి.

3. పేరుతో దొరక్కపోతే రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి అవతలి కంప్యూటర్ అడ్రస్ (ఉదాహరణకు 192.168.1.5) కొట్టి చూడాలి. అలా తెరుచుకుంటే షేరింగ్ బాగానే ఉంది, పేరు దగ్గరే చిక్కు.

4. పాస్‌వర్డ్ అడిగితే పిన్ పనిచేయదు. అవతలి కంప్యూటర్లోని అకౌంట్ పేరు, అసలు పాస్‌వర్డ్ ఇవ్వాలి. విండోస్ 11 ప్రో 24హెచ్2లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశం ముందే ఆపేసి ఉంటుంది.

5. ఫోల్డర్ కనిపించినా తెరుచుకోకపోతే ‘షేరింగ్’, ‘సెక్యూరిటీ’ రెండు చోట్లా అనుమతి ఉందో లేదో చూడాలి.

ఎక్స్‌పీ కంప్యూటర్ కోసం పాత ఎస్‌ఎంబీ1 ఆన్ చేయమని ఎవరైనా చెప్తే వినొద్దు. 2017 మేలో వానాక్రై వైరస్ దాని లోపం మీదుగానే పాకింది. చిత్తూరు, గుంటూరు వంటి జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చినా చాలామంది వేసుకోలేదు. ఎక్స్‌పీకి పెన్‌డ్రైవే మేలు.

సీ డ్రైవ్ మొత్తం కాకుండా ఒక్క ఫోల్డరే షేర్ చేయాలి. షేరింగ్ అంటే బ్యాకప్ కాదు. ఒక కంప్యూటర్‌కు వైరస్ పడితే షేర్ ఫోల్డర్‌లోని ఫైళ్లూ పోవచ్చు. నికాహ్‌నామా, ఆస్తి కాగితాలు, సర్టిఫికెట్ల కాపీ ఒకటి వేరే హార్డ్ డిస్క్‌లో వేసి, దాన్ని ఊడదీసి బీరువాలో పెట్టుకోవడం మంచిది.