హైతీ వూడూ: బొమ్మకు సూదులు గుచ్చడం కాదు.. చర్చితో కలిసి బతికిన ఈ మతం అసలు కథ ఏంటంటే?

వూడూ అనగానే చాలామందికి గుర్తొచ్చేది గుడ్డ బొమ్మ, దానికి గుచ్చిన సూదులు, చచ్చి లేచి నడిచే జాంబీలు. ఇందులో ఎక్కువ భాగం హాలీవుడ్ పుణ్యమే. 1915 నుంచి 1934 వరకు హైతీని అమెరికా సైన్యం ఆక్రమించింది. అక్కడి కథలకు మసాలా దట్టించి పుస్తకాలు, 1932లో 'వైట్ జాంబీ' సినిమా వచ్చింది ఆ టైమ్‌లోనే. కానీ హైతీలో వూడూ అంటే చేతబడి కాదు.. ఒక మతం. ఈ తేడా చెరిగిపోయినప్పుడల్లా అక్కడ ప్రాణాలు పోయాయి.

సెయింట్ పటంలో నాగదేవత

కరీబియన్ సముద్రంలో హిస్పానియోలా దీవికి పడమటి వైపున్న దేశం హైతీ. ఫ్రెంచ్ పాలనలో చెరకు తోటల కోసం ఇప్పటి బెనిన్, కాంగో ప్రాంతాల నుంచి లక్షల మందిని బానిసలుగా పట్టుకొచ్చారు. 1685 నాటి 'కోడ్ న్వార్' చట్టం ప్రకారం వాళ్లందరికీ క్యాథలిక్ బాప్తిస్మం తప్పనిసరి. సొంత దేవుళ్లను బయటకు మొక్కే వీల్లేదు. దాంతో చర్చిలోని పటాల్లోనే తమ దేవతలను చూసుకున్నారు. సెయింట్ ప్యాట్రిక్ కాళ్ల దగ్గర పాములుంటాయి కాబట్టి ఆ పటం నాగదేవత డంబాలాది అయ్యింది. తాళాలు పట్టుకున్న సెయింట్ పీటర్‌లో దారులు తెరిచే పాపా లెగ్బా కనిపించాడు.

ఇదంతా భయంతో వేసిన వేషమేనా అంటే.. మొదట్లో కావచ్చు. తరాలు గడిచాక రెండూ కలిసిపోయాయి. వూడూలోనూ పరమాత్మ ఒక్కడే, పేరు బోండ్యే. ఫ్రెంచ్‌లో 'మంచి దేవుడు' అనే మాట నుంచే ఆ పేరు వచ్చింది. ఆయనకూ మనుషులకూ మధ్యలో 'ల్వా' అనే దేవతలుంటారు. పూజారిని ఉంగాన్ అని, పూజారిణిని మాంబో అని పిలుస్తారు. పూజకు ముందు నేల మీద మొక్కజొన్న పిండితో ముగ్గు వేస్తారు. ఒక్కో ల్వాకు ఒక్కో ముగ్గు. క్యాథలిక్ ప్రార్థనలు కూడా చదువుతారు. డప్పులు మోగుతుంటే ల్వా ఎవరో ఒకరి ఒంటి మీదకు వస్తుంది. జాతరలో పూనకం చూసినవాళ్లకు దీన్ని పెద్దగా వివరించక్కర్లేదు.

'సైతానుతో ఒప్పందం' అన్నారు

1791 ఆగస్టులో బ్వా కైమాన్ అనే చోట జరిగిన వూడూ పూజ తర్వాతే బానిసల తిరుగుబాటు మొదలైందని హైతీ జనం గర్వంగా చెప్పుకుంటారు. 1804 జనవరి 1న స్వాతంత్ర్యం వచ్చింది. అయినా వూడూకి మాత్రం స్వేచ్ఛ రాలేదు. 1941-42లో క్యాథలిక్ చర్చి, ప్రభుత్వం కలిసి డప్పులు తగలబెట్టించాయి, పవిత్రంగా చూసే చెట్లు నరికించాయి. చివరికి 2003లో వూడూని అధికారిక మతంగా గుర్తించిన అధ్యక్షుడు అరిస్టీడ్. ఆయన ఒకప్పుడు క్యాథలిక్ ఫాదరే!

కానీ ఎవాంజెలికల్ చర్చిలు చాలావరకు బ్వా కైమాన్ పూజను సైతానుతో ఒప్పందంగానే చూస్తాయి. 2010 జనవరి 12న భూకంపం వస్తే, అమెరికా టీవీ పాస్టర్ ప్యాట్ రాబర్ట్‌సన్ ఆ ఒప్పందం మాటే ఎత్తారు. అదే భూకంపంలో రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌లోని క్యాథలిక్ కేథడ్రల్ కూడా కూలింది.. ఆర్చ్‌బిషప్ జోసెఫ్ సెర్జ్ మియో చనిపోయారు.

ఆ ఏడాది అక్టోబర్‌లో కలరా మొదలైంది. ఐక్యరాజ్యసమితి శాంతి సైనికుల క్యాంపు మురుగు నదిలో కలవడం వల్లే వచ్చిందని తర్వాత తేలింది. అప్పటికే వూడూ పూజారులే పొడి చల్లి రోగం అంటించారని నమ్మిన గుంపులు 40 మందికి పైగా కొట్టి చంపేశాయి.

2024 డిసెంబర్‌లో అంతకంటే ఘోరం జరిగింది. తన కొడుకు జబ్బుకు ముసలివాళ్ల చేతబడే కారణమని నమ్మిన ఓ గ్యాంగ్ లీడర్ రాజధానిలోని సితే సోలే మురికివాడలో మారణకాండకు దిగాడు. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం కనీసం 207 మంది చనిపోయారు, ఎక్కువమంది వృద్ధులే. అతనికి ఆ మాట చెప్పింది కూడా ఓ వూడూ పూజారేనని మానవ హక్కుల సంఘాలు చెప్పాయి. అంటే నింద బయటి నుంచి మాత్రమే రావట్లేదు.

వీటన్నిటి మధ్యా పండగలు ఆగలేదు. నవంబర్ 1, 2 తేదీల్లో చర్చిలో చనిపోయినవారి కోసం ప్రార్థనలు జరుగుతాయి. అవే రోజుల్లో శ్మశానాల్లో గెడే పండగ. సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, చనిపోయినవారి దేవతలకు మిరపకాయలు నానబెట్టిన రమ్ పోస్తారు.